నెల్లూరు సగటు వాన ఏ ఏడు కురిసింది?

వాతావరణ శాస్త్రం మొదలుపెట్టే తెలుగు విద్యార్థికి మొదటి చిక్కు మాటల్లోనే ఎదురవుతుంది. భూమిని చుట్టుకున్న గాలి పొరనీ వాతావరణం అంటాం, ఈ పూట మబ్బా ఎండా అన్నదాన్నీ వాతావరణమే అంటాం. ఏళ్ల తరబడి కనిపించే తీరుకు పాఠ్యపుస్తకాలు శీతోష్ణస్థితి అని వేరే పేరు పెట్టాయి. అందులో చలి ఉంది, వేడి ఉంది, వాన లేదు. వాన మీద బతికే సీమలకు అది కొంచెం కురచ మాటే. పత్రికలేమో 'వాతావరణ మార్పు' అని రాస్తాయి. వాతావరణం పూటకోసారి మారేదే, అందులో వింతేముంది? మారుతున్నది శీతోష్ణస్థితి. ఈ వ్యాసం మటుకు వాతావరణం అంటే ఈ గంట, ఈ రోజు, ఈ వారం సంగతి. శీతోష్ణస్థితి అంటే ఒక చోట అలాంటి రోజులన్నీ కలిసి ఎంత మేర పరుచుకుని ఉంటాయన్న సంగతి.

పరుచుకుని ఉండడం అన్నది కావాలని వాడిన మాట. 'శీతోష్ణస్థితి అంటే ముప్పై ఏళ్ల సగటు' అని బట్టీ పట్టిస్తారు. తప్పు కాదు గానీ సగమే నిజం. ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల కాలాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు. ఆ లెక్కల వల్ల తెలిసేది సగటు ఒక్కటే కాదు. ఎంత ఎక్కువ పడొచ్చు, ఎంత తక్కువ పడొచ్చు, ఏ నెలలో ఎన్ని రోజులు పడుతుంది, ఎన్నేళ్లకోసారి ఎండగడుతుంది అన్నవన్నీ శీతోష్ణస్థితిలో భాగమే. ఈ తేడా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తెలిసినంత తేటగా కోస్తాలో ఇంకెక్కడా తెలియదు.

నెల్లూరు జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 1,080 మిల్లీమీటర్లు. అందులో అరవై శాతం దాకా, అంటే 650 మిల్లీమీటర్లకు పైగా, అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకు పడితే భారత వాతావరణ శాఖ దాన్ని అతి భారీ వర్షం అంటుంది. అలాంటి రోజులు మూడు వస్తే, కనీస అంకె వేసుకున్నా 347 మిల్లీమీటర్లు. మూడు నెలల వానలో సగానికి పైగా మూడు రోజుల్లోనే తీరిపోతుంది. ఆ మూడు రోజులూ తెచ్చేవి ఒకటో రెండో వాయుగుండాలు. అవి ఇటు వస్తే చెరువులు అలుగు పారతాయి, ఇంకా గట్టిగా వస్తే తెగుతాయి. తమిళనాడు వైపో మచిలీపట్నం వైపో మళ్లితే మొలగొలుకుల వరి మడికి నీళ్లు ఎక్కడివని వెతుక్కోవాలి. సగటు ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఏ ఏడూ సరిగ్గా అక్కడికొచ్చి ఆగదు. అందుకే ఎవరైనా సగటు ఒక్కటే చెబితే, దాని చుట్టూ ఊగిసలాట ఎంత, వాన రోజులు ఎన్ని అని వెంటనే అడగాలి. వాన రోజుకూ నిర్వచనం ఉంది: 2.5 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ పడితేనే అది లెక్కకు వస్తుంది. నేల తడిసీ తడవని తుంపరను వాన రోజు అనరు.

రైతుల దగ్గరున్న కార్తెలు ఒక విధంగా శీతోష్ణస్థితి పట్టికే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం కార్తె. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది సామెత రూపంలో ఉన్న గరిష్ఠ ఉష్ణోగ్రతల రికార్డు. అయితే కార్తె ఈ ఏటి రోహిణి ఎలా ఉండబోతోందో చెప్పదు, సాధారణంగా రోహిణి ఎలా ఉంటుందో చెబుతుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసుకోవడం వల్లే పంచాంగం మీద నమ్మకమూ, వాతావరణ శాఖ మీద విసుగూ రెండూ పెరుగుతాయి. ఇంకో చిన్న సంగతి: కార్తెలు నక్షత్రాలను బట్టి వస్తాయి, రుతువులు భూమి వంపును బట్టి వస్తాయి. అందువల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల కంటే ఆలస్యమవుతుంటాయి.

నైరుతిలో వెనుక బెంచీ

జూలైలో టీవీ పెడితే 'నైరుతి రుతుపవనాలు ఉధృతంగా ఉన్నాయి' అని వినిపిస్తుంది. అదే వేళ నెల్లూరులో ఫ్యాను కింద చెమట ఆరదు. దేశం మొత్తాన్ని ఉద్దేశించి రాసిన పుస్తకాలు నైరుతిని నడిబొడ్డున పెట్టి, ఈశాన్యాన్ని 'తిరోగమన రుతుపవనాలు' అని ఒక పేరాలో ముగిస్తాయి. ఈ తీరపు విద్యార్థి ఆ అధ్యాయాన్ని తలకిందులుగా చదువుకోవాలి.

నైరుతి గాలి అరేబియా సముద్రం మీంచి తేమ మోసుకొస్తుంది. పశ్చిమ కనుమలు అడ్డం పడితే పైకెక్కుతుంది. పైన పీడనం తక్కువ కనుక గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే చల్లబడుతుంది. మబ్బు పట్టని గాలి కిలోమీటరు ఎక్కితే 9.8 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. మబ్బు పట్టాక ఆవిరి నీరవుతూ తనలో దాగిన వేడిని (గుప్తోష్ణాన్ని) గాలికి వదులుతుంది కాబట్టి తగ్గుదల సుమారు 5 డిగ్రీలకు నెమ్మదిస్తుంది. లెక్క కోసం 28 డిగ్రీల గాలి 1,500 మీటర్లు ఎక్కిందనుకుందాం. మొదటి 500 మీటర్లలో దాదాపు 5 డిగ్రీలు, మబ్బు పట్టాక మిగతా 1,000 మీటర్లలో ఇంకో 5 డిగ్రీలు తగ్గి 18 అవుతుంది. వాన కురిపించేసి అవతల దిగేటప్పుడు అది పొడి గాలి. 1,500 మీటర్లు దిగితే 14.7 డిగ్రీలు వేడెక్కి 33కి చేరుతుంది. బయల్దేరిన ఎత్తుకే తిరిగొచ్చినా 5 డిగ్రీలు ఎక్కువ, తేమ మాత్రం తక్కువ. నిజంలో గాలి ఇంత తిన్నగా నడవదు. నడుమ దక్కను పీఠభూమి ఉంది, అక్కడి నేల వేడి కూడా తోడవుతుంది, చివర్లో నల్లమల, వెలికొండలు దిగి రావాలి. పడమటి గాలి వేడిగా ఎందుకుంటుందో అర్థమవడానికి ఈ లెక్క చాలు. నైరుతి నెలల్లో ఇక్కడ పడే వాన చాలావరకు సాయంత్రపు ఉరుముల వాన. ఒక ఊళ్లో పదును వానైతే పక్క ఊళ్లో దుమ్ము.

ఉమ్మడి ప్రకాశం జిల్లా కథ కొంచెం వేరు. ఏడాది వాన సుమారు 870 మిల్లీమీటర్లు, అదీ రెండు రుతుపవనాలకూ దాదాపు చెరిసగం. పడమటన కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు నేలలకు సముద్రం దూరం. వాయుగుండం తీరం దాటి లోపలికి వచ్చేసరికి కింద నీటి సరఫరా తెగిపోయి, నేల రాపిడికి నీరసిస్తుంది. రెండు పంక్తుల్లోనూ చివరే కూర్చున్న నేలలివి.

అక్టోబరు మూడో వారానికి గాలి తిరుగుతుంది. సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, ఉత్తర భారతపు నేల చల్లబడుతుంది, అల్పపీడన ప్రాంతం దక్షిణ బంగాళాఖాతానికి దిగుతుంది. ఈశాన్యం నుంచి వీచే గాలి ఇప్పుడు బంగాళాఖాతం మీదుగా వస్తుంది. తుపాను పుట్టాలంటే సముద్రపు పైనీళ్లు కనీసం 26.5 డిగ్రీలు ఉండాలంటారు, అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం అంతకంటే వెచ్చగానే ఉంటుంది. నెల్లూరు తీరం ఉత్తర దక్షిణాలుగా సాగింది కనుక తూర్పు గాలికి ఎదురుగా నిలబడుతుంది.

ఎండ, ఉక్క, రెండూ ఒకటి కావు

సముద్రపు నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నేల త్వరగా. కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే కిలో పొడి మట్టికి కావలసిన దానికి సుమారు అయిదు రెట్లు వేడి కావాలి. పైగా నీళ్లు కలుస్తూ ఉంటాయి, ఎండ లోతుకు దిగుతుంది. మధ్యాహ్నానికి నేల మీది గాలి తేలికై లేస్తే సముద్రం మీది గాలి ఆ చోటుకు వస్తుంది. తీర గ్రామాల్లో 'గాలి తిరిగింది' అనేది దీన్నే. ఒంగోలు, నెల్లూరు రెండూ సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపున్నవే కాబట్టి ఆ గాలి అందుతుంది. కానీ మే నెలలో పడమటి గాలి బలంగా ఉంటే అది సముద్రపు గాలిని తీరం దగ్గరే ఆపేస్తుంది. పన్నెండింటికే గాలి తిరిగిన రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత అక్కడితో ఆగుతుంది. నాలుగింటి దాకా తిరగని రోజు వడగాలి రోజు. ఒకే ఊరు, ఒకే వారం, రెండు రోజుల మధ్య నాలుగైదు డిగ్రీల తేడా రావడానికి ఇది చాలు.

వడగాలి అని ఎప్పుడనాలి? తీర ప్రాంత కేంద్రంలో గరిష్ఠం 37 డిగ్రీలో అంతకు మించో ఉండాలి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలి. మైదానాలకు మొదటి అంకె 40. నెల్లూరులో మే సాధారణ గరిష్ఠమే 40కి దగ్గరగా ఉంటుంది కాబట్టి 42 డిగ్రీల రోజు ఒళ్లు మాడ్చినా ఈ కొలతలో వడగాలి కాదు. ఇవాళ్టి వాతావరణానికి పేరు పెట్టాలన్నా ముప్పై ఏళ్ల శీతోష్ణస్థితి చేతిలో ఉండాలన్నమాట.

తేమ విషయంలో విద్యార్థులు పడే తప్పు సాపేక్ష ఆర్ద్రతను, అంటే గాలి పట్టగల ఆవిరిలో ఎంత శాతం ఉందన్న అంకెను, తేమ పరిమాణం అనుకోవడం. 28 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 27 గ్రాముల ఆవిరి పట్టగలదు, 40 డిగ్రీల గాలి 51 గ్రాములు. ఉదయం 28 డిగ్రీల వద్ద 80 శాతం ఉందంటే గాలిలో సుమారు 22 గ్రాములున్నట్టు. అదే ఆవిరితో మధ్యాహ్నం 40 డిగ్రీలు అయితే శాతం 43కి పడిపోతుంది. చుక్క తేమ ఎక్కడికీ పోలేదు, పాత్ర పెద్దదయింది. అందుకే తెలిసినవాళ్లు తుషార బిందువు చూస్తారు, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే మంచు పట్టడం మొదలవుతుందో ఆ అంకె. ఈ గాలిది పొద్దునా మధ్యాహ్నమూ 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇప్పుడు గాలి తిరిగింది, ఉష్ణోగ్రత 34కి దిగింది, తుషార బిందువు 27కి ఎక్కింది. ఆర్ద్రత 67 శాతం. ఎండ తగ్గింది, ఉక్క పెరిగింది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, నిండుకుండ లాంటి గాలి ఆ చెమటను తీసుకోదు.

కొలతలో జరిగే పొరపాట్లు

ఈ అంకెలన్నీ ఒక తెల్ల చెక్కపెట్టె లోంచి వస్తాయి. స్టీవెన్సన్ తెర అనే ఆ పెట్టెకు పక్కలంతా రెండు వరసల జాలీ పలకలు ఉంటాయి, గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. థర్మామీటర్లు నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో తలుపు ఉత్తరానికి పెట్టాలన్నది నియమం. అయితే నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, సాయంత్రం వాయవ్యానికి వాలతాడు. వేసవిలో సాయంత్రం 5.30కి తలుపు తీసి నింపాదిగా నిలబడితే ఎండ బల్బు మీద పడుతుంది. ఒంటితో నీడ పట్టి, పదో వంతు డిగ్రీ ముందు, పూర్తి అంకె తరవాత చదివి మూసేయాలి. ఊపిరి వేడికి మొదట కదిలేది ఆ పదో వంతే.

తడి బల్బు అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు; గుడ్డ లేని పొడి బల్బుతో దాని తేడాను బట్టి ఆర్ద్రత లెక్కిస్తారు. అది తీరంలో ఎక్కువ మోసం చేస్తుంది. దాని మీది మల్లు గుడ్డకు ఉప్పు పేరుకుంటే నీళ్లు సరిగా ఆరవు, బల్బు చల్లబడవలసినంత చల్లబడదు. పొడి బల్బు 34, తడి బల్బు 29 ఉంటే ఆర్ద్రత సుమారు 68 శాతం. గుడ్డ మురికై తడి బల్బు 30 చూపిస్తే లెక్క 74కి పోతుంది. ఒక్క డిగ్రీకి ఆరు శాతం. డిస్టిల్డ్ వాటరు గానీ శుభ్రంగా పట్టిన వాన నీళ్లు గానీ వాడాలి. కనిగిరి వైపు బోరు నీళ్లు పోస్తే రెండు రోజుల్లో గుడ్డ గట్టిపడుతుంది.

వర్షమాపకం చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, ఎకరాకు 4,047 లీటర్లు. మన దేశంలో వాడే ఫైబర్ గ్లాసు వర్షమాపకాలు 100, 200 చదరపు సెంటీమీటర్ల మూతులతో రెండు రకాలున్నాయి. మొదటిదానికి మిల్లీమీటరంటే 10 మిల్లీలీటర్లు, రెండోదానికి 20. దీని కొలగ్లాసుతో దాని నీళ్లు కొలిస్తే వాన రెట్టింపో సగమో అవుతుంది. జరగని తప్పేమీ కాదు. పెద్ద మూతికి కింద 4 లీటర్ల సీసా పెడితే 200 మిల్లీమీటర్ల దగ్గర నిండిపోతుంది. వాయుగుండం ఉన్న రోజు నడుమ నడుమ కొలిచి కూడుకోకపోతే అసలు రికార్డు కావలసిన వానే పొర్లి పోతుంది. చెట్టుకో గోడకో దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. మేడ మీద పెడితే గాలి చినుకులను పక్కకు తోసేసి తక్కువ చూపిస్తుంది.

తేదీ తిరకాసు ఇంకోటి. వాన రోజు ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. 18వ తేదీ రాత్రంతా కురిసిన వాన లెక్కలో 19వ తేదీ కింద ఉంటుంది. ఊళ్లో గుర్తున్న తేదీకీ పట్టికలోని తేదీకీ పొంతన లేకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వాయుగుండానికి వీపు చూపిస్తే

గాలి వేగాన్ని బట్టి పేర్లు: గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 తుపాను, 89 నుంచి 117 తీవ్ర తుపాను, ఆపైన 222 దాటిన సూపర్ సైక్లోను దాకా ఇంకో మూడు మెట్లు. ఇవన్నీ గాలికి పెట్టిన పేర్లు, వానకు కాదు. వాయుగుండమే కదా అని తేలిగ్గా తీసుకోవడం ఈ జిల్లాల్లో ఖరీదైన పొరపాటు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది తుపాను కాదు, వాయుగుండమే. దాని ఉత్తరపు పక్క నుంచి వచ్చిన తూర్పు గాలి తేమనంతా రాయలసీమ కొండల మీద దించింది. పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది, నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఆ నీళ్లలో ఎక్కువ భాగం నెల్లూరులో కురిసినవి కావు. వాన వాతావరణం, వరద పరివాహక ప్రాంతపు లెక్క. పెన్నా వరదకు నెల్లూరు వర్షమాపకం ఒక్కటీ చూసి కూర్చుంటే పనికిరాదు.

మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారపు ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే పీడనం తక్కువున్న చోటు ఎడమ చేతి వైపు ఉంటుంది. తూర్పు నుంచి పడమటికి వస్తున్న తుపాను మీకు దక్షిణంగా తీరం దాటుతుంటే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, తరవాత ఆగ్నేయానికి తిరుగుతుంది. అంటే సముద్రం మీంచి లోపలికి. ఉప్పెన వచ్చేది ఆ పక్కకే. మీకు ఉత్తరంగా దాటితే గాలి ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమటికి తిరుగుతూ నీళ్లను వెనక్కి నెడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన 'గే' తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి సన్నటి భూభాగం దాటి బంగాళాఖాతంలోకి వచ్చినది. అంతటి తుపానులో కావలికి ఉత్తరమా దక్షిణమా అన్నదాన్ని బట్టే ఉప్పెన ముప్పు ఎక్కువా తక్కువా అవుతుంది. పీడనం (దాని కొలమానం హెక్టాపాస్కల్) పడిపోవడం వల్ల సముద్రం లేచేది ఒక హెక్టాపాస్కల్‌కు ఒక సెంటీమీటరు మాత్రమే. ఉప్పెనలో అసలు వాటా గాలి తోపుదే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటిన 'మిచాంగ్' తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరానికి నడిచింది. అలా పక్కనుంచి పోయేదానికి నెల్లూరు ఎడమ చేతి వైపు, అంటే గాలి నీళ్లను వెనక్కి నెట్టే పక్కనే ఉన్నా వాన తప్పలేదు.

బులెటిన్ చదివేటప్పుడు ఒక మాట దగ్గర ఆగాలి. 'ఉపరితల ఆవర్తనం' అంటే నేల ఉపరితలం మీదిది అనుకుంటారు. కాదు, పైగాలిలో తిరుగుతున్న సుడి. 1.5, 3.1, 5.8 కిలోమీటర్ల ఎత్తులు పదేపదే వినిపించేది అవి 850, 700, 500 హెక్టాపాస్కల్ పీడన మట్టాలు కాబట్టి. 'ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది' అంటే వాన ఆ వంగిన వైపు ఎక్కువ పడే అవకాశం ఉందని. 'ఒకటి రెండు చోట్ల' అంటే ప్రాంతంలోని కేంద్రాల్లో పాతిక శాతం లోపు. మన ఊళ్లో పడనంత మాత్రాన ఆ అంచనా తప్పినట్టు కాదు.

దీర్ఘకాలపు సూచనల సంగతీ ఇలాంటిదే. ఎల్‌నినో అనగానే కరువు అంటారు. పసిఫిక్ నీళ్లు వేడెక్కిన ఏడాది నైరుతి బలహీనపడే మొగ్గు ఉంది, నిజమే. కానీ దక్షిణ కోస్తాలో ఈశాన్య రుతుపవనాలకు మొగ్గు దాదాపు దీనికి ఎదురు. 2015 బలమైన ఎల్‌నినో ఏడాది. దేశంలో నైరుతి వాన 14 శాతం తగ్గింది. అదే ఏడాది నవంబరులో నెల్లూరు జిల్లా వరదల్లో ఉంది. అలాగని పసిఫిక్ నీళ్లు చల్లబడే లానినా వస్తే ఇక్కడ ఎండలేనని రాసుకోకూడదు. పడుగుపాడు కట్ట తెగిన 2021 నవంబరు లానినా కాలమే. శీతోష్ణస్థితి పాచికను ఒక వైపుకు కొంచెం బరువెక్కిస్తుంది, ఏ ముఖం పడాలో చెప్పదు.

చేతితో చేసి చూడదగ్గ పని ఒకటుంది. ఏదైనా ఒక ఏడాది నెల్లూరు అక్టోబరు, డిసెంబరుల మధ్య రోజువారీ వర్షపాతం తీసుకుని, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరసగా రాయాలి. పై నుంచి కూడుకుంటూ వచ్చి, మొత్తంలో సగం ఎన్నో రోజుకు దాటిందో గుర్తు పెట్టాలి. అలా పదేళ్లు చేసి, ఆ పది అంకెలనూ 650 పక్కన రాసి చూడాలి.